పట్టికకు లొంగని గుఱ్ఱము

సవారి గుఱ్ఱమునకు అంగముల పొందికయే ప్రాణము. మన పూర్వులును ఈ విషయమును శ్రద్ధతో పరిశీలించిరి. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాస మను పద్యకావ్యమునే రచించెను. అయితే మన అశ్వశాస్త్రములందు అవయవముల తీరుతోపాటు సుడుల శుభాశుభములకును చోటు కలదు. సుడిని చూచి పరుగును చెప్పుట కష్టము.

ఫ్రాన్సు దేశమున 1762లో లియోన్ నగరమందు ప్రపంచములోని మొదటి పశువైద్య పాఠశాలను తెఱచిన బూర్జెలా వేఱొక మార్గము త్రొక్కెను. చిత్రకారులు మనిషి తలను కొలబద్దగా గైకొనునట్లు, ఆయన గుఱ్ఱపు తల పొడవునే కొలబద్దగా చేసికొని, మెడ యింత, కాలు ఇంత యని నిర్ణయించెను. అట్టి పట్టికనే అచ్చటి విద్యార్థులు నేర్చెడివారు.

ఆ పట్టికకు పరీక్ష ఇంగ్లండులో జరిగెను. 1764లో, సూర్యగ్రహణము పట్టిన యేట, అచ్చట ఒక గుఱ్ఱపు పిల్ల పుట్టెను. గ్రహణ మను అర్థము వచ్చునట్లు దానికి ఎక్లిప్సు అని పేరిడిరి. యజమానియైన కంబర్లండు ప్రభువు మరణింపగా, వైల్డ్‌మన్ అను మాంసవర్తకుడు దానిని కొనెను. 1769, 1770 సంవత్సరములలో అది పరుగెత్తిన 18 పందెములందును ఓటమి యెఱుగకుండెను.

1789లో ఎక్లిప్సు చనిపోగా, ఫ్రాన్సునుండి వచ్చియున్న సాంబెల్ అను పశువైద్యుడు దాని అంగములను కొలిచెను. తల 22 అంగుళములు. పట్టిక ప్రకారము మెడ ఒక తల పొడవుండవలెను; దీనికి తలన్నర కలదు. ముందుకాలి మోచేతినుండి మోకాలికిని, మోకాలినుండి నేలకును దూరము సమముగా నుండవలెను. దీనికి పైభాగమే పొడవు. పట్టికనే నమ్మిన పెంపకందారుడు ఇట్టి పోతును సంతతికి పనికిరాదని త్రోసివేసియుండును!

మఱి ఇవి లోపములేనా? నిదానించి చూడుడు. గుఱ్ఱమునకు జత్రువు, అనగా మెడకు దిగువ అడ్డముగా నుండు ఎముక, లేదు. ముందుకాళ్లు మొండెమునకు కండరములచేతనే కట్టబడియుండును. ఉయ్యాలలో బిడ్డవలె ఱొమ్ము వాని నడుమ వ్రేలాడుచుండును. కనుక భుజపుటెముక ఏటవాలుగా నున్నచో కాలు దూరము సాగును, అదరు తగ్గును, రౌతునకు సుఖము. మోకాలికి దిగువ కండ దాదాపు లేదు, ఉన్నవి స్నాయువులే. బలమంతయు పైనుండి రావలసినదే. కావున పైన పొడవై క్రింద పొట్టియైన కాలు పెద్ద అంగ వేయును; ఎత్తుటకును తేలిక. పొడవైన మెడ పరుగున ముందునకు సాగి తూకము నిలుపును. అయినను కొలతలతోనే గెలుపును తేల్చరాదు. ఎక్లిప్సు గుండె 14 పౌనులు తూగెనని చెప్పుదురు. దానిని బ్రదికియుండగా ఏ కొలబద్దతో కొలువగలము?

సాంబెల్ ఈ కొలతలను గ్రంథముగా ప్రకటించి, 1791లో లండనులో నెలకొన్న పశువైద్య కళాశాలకు తొలి ఆచార్యుడయ్యెను. ఎక్లిప్సు అస్థిపంజరము నేడు ఆ కళాశాల యధీనముననే కలదు. ఇప్పటి పందెపు జాతి గుఱ్ఱములలో నూటికి 90కి పైగా తండ్రి వరుసన దాని సంతతియే.