నరకము – దైవసన్నిధికి ఎడబాటు

నరకమను మాటను తెలుగువారికి క్రైస్తవులు నేర్పలేదు. వారు రాకముందే ఆ మాట ఉన్నది. దానితోపాటు యముడు, చిత్రగుప్తుని లెక్కలు, వైతరణీ నది, మరుగుచున్న నూనె కొప్పెరలు అన్నియు ఉన్నవి. భాగవతము పంచమ స్కంధమున ఇరువదియెనిమిది నరకములు పేరుపేరునా చెప్పబడినవి. బెంజమిన్ షుల్ట్జె అను జర్మను బోధకుడు మద్రాసునుండి స్వదేశమునకు మరలిపోయి, 1746లో హాలె పట్టణమున క్రైస్తవ ప్రశ్నోత్తర పుస్తకమును తెలుగున అచ్చువేయించెను. తెలుగున అచ్చయిన తొలి పుస్తకములలో అది ఒకటి. తరువాతి కాలమున తెలుగు బైబిలును సిద్ధపరచినవారు నరకము అను పాతమాటనే గ్రహించిరి. వేరొక మాటను ఎక్కడనుండి తెత్తురు? అయితే మాటతోపాటు కొప్పెరలు కూడ వచ్చినవి. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

నేటాలు తెలుగువారికి ఈ చిక్కు పుస్తకములలోనిది మాత్రమే కాదు. 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరునుండి వచ్చి, ఆ సంవత్సరము డిసెంబరు మాసముననే కియర్స్నీ తేయాకు తోటలయొద్ద తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించిరి. ఒకే ఇంటిపేరుగల కుటుంబమున ఒక శాఖ గుడికిని, ఒక శాఖ చర్చికిని పోవుట నాటినుండి వింత కాలేదు. పెండ్లికిని చావుకును అందరును కలిసికొందురు. అట్టి యింట ఒక పిల్లవాడు, రామనామము పలుకుచు కన్నుమూసిన అమ్మమ్మ ఇప్పుడు అగ్నిలో కాలుచున్నదా అని అడిగినయెడల ఎవరు సమాధానము చెప్పవలెను? అడిగిన పిల్లవాడు భయముతో అడుగును. కాబట్టి నరకమునుగూర్చి క్రైస్తవ పండితులు నిజముగా ఏమి చెప్పిరో హిందువులకును, క్రైస్తవులకును కూడ తెలిసియుండుట మేలు.

యేసు వాడిన మాట గెహెన్నా. అది యెరూషలేమునకు దక్షిణమున ఉన్న హిన్నోము లోయ పేరు. పూర్వము అచ్చట మొలెకు అను దేవతకు పసిబిడ్డలను అగ్నిలో అర్పించిరి. యోషీయా రాజు ఆ స్థలమును అపవిత్రపరచి ఆ ఆచారమును మాన్పించెను. వినువారందరికిని తెలిసిన ఆ భయంకర స్థలమును చూపి యేసు బోధించెను. సువార్తలలో అగ్ని ఉన్నది, కాదనరాదు. అయితే అదే సువార్తలలో బయటి చీకటి కూడ ఉన్నది. మండుచున్న అగ్నియు, కటికచీకటియు ఒక్కచోట ఎట్లుండునని పూర్వులు ప్రశ్నించిరి. ఈ రెండింటిని ఉపమానములుగా గ్రహించినయెడల వాటి వెనుక ఒక్కటే విషయము కనిపించును. తీర్పు దినమున రాజు పలుకు మాటలో మొదటిది పొమ్మనుట. అగ్ని ఆ తరువాతనే వచ్చును. ధనవంతుడు, లాజరు కథలో ఇద్దరినడుమ దాటరాని అగాధము కలదు. పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రికలో శిక్ష అనగా ప్రభువు సముఖమునకు దూరమగుటయని చెప్పెను.

నాలుగవ శతాబ్దమున యోహాను క్రిసోస్తము, నరకాగ్నులు వేయి కూడినను దైవమహిమను పోగొట్టుకొనుటతో సాటిరావని ప్రసంగించెను. పదుమూడవ శతాబ్దమున తోమా అక్వినాసు శిక్షను రెండు విధములుగా విభజించెను: దేవుని పోగొట్టుకొనుట ఒకటి, ఇంద్రియబాధ మరియొకటి. మొదటిదే పెద్దదని ఆయన నిర్ణయము.

ఈ ఎడబాటునకు కారకుడెవరు? దేవుడు త్రోసివేయునా, మనిషియే తొలగిపోవునా? ఈ ప్రశ్నను గట్టిగా పట్టుకొన్నవాడు మఠమునందలి సన్యాసి కాడు, గనులలోని నీటిని తోడుటకు గాలిమరలు కట్టించిన ఒక తత్త్వవేత్త.

జర్మనీ దేశమున హార్ట్స్ పర్వతములపై క్లాస్తాల్, జెల్లర్‌ఫెల్డ్ అను రెండు గనుల పట్టణములు పక్కపక్కన ఉండెడివి. 1924లో అవి ఒక్కటైనవి. అచ్చటి కొండలలో వెండి, సీసము లభించుచుండెను. 1634లో అగ్నిప్రమాదమున క్లాస్తాల్ చర్చి కాలిపోగా, 1642లో పెంతెకొస్తు పండుగనాడు కొత్త చర్చి ప్రతిష్ఠింపబడెను. అది నేటికిని నిలిచియున్నది, కట్టడమంతయు కొయ్యయే. గనిలోనికి దిగువాడు ఎప్పుడు ఏ రాయి పడునో, ఏ నీరు పొంగునో ఎరుగడు. జర్మను గనివారు ఒకరినొకరు పలుకరించు మాట గ్లూక్ అవుఫ్. క్షేమముగా పైకి రమ్మను కోరికయు ఆ పలుకులో వినబడును. ఉత్తర నేటాలున డండీ ప్రాంతపు బొగ్గుగనులకు పంపబడిన ఒప్పంద కూలీల సంతతికి ఆ కోరికయొక్క బరువు వివరింపనక్కరలేదు.

గాట్‌ఫ్రీడ్ విల్‌హెల్మ్ లైబ్నిట్స్ 1646లో లైప్‌జిగ్‌లో జన్మించి, 1676నుండి హనోవరు ప్రభువుల కొలువులో ఉండెను. హార్ట్స్ గనులకు నీరే శత్రువు, నీరే మిత్రుడు. గనిలో ఊరిన నీటిని పైకి తోడు యంత్రములను చెరువునీటితో తిరుగు చక్రములు నడపుచుండెను. వాన లేని యేట చక్రములు ఆగును. చక్రములు ఆగిన గని మునుగును. గాలిని కూడ పనికి పెట్టవలెనని 1679లో లైబ్నిట్స్ ప్రభువుతో ఒప్పందము చేసికొని, ముప్పదికి పైగా పర్యాయములు ఆ కొండలకు ప్రయాణము చేసెను. గాలి చాలలేదు, గని అధికారులు కలిసిరాలేదు. 1685లో ఎర్నెస్ట్ ఆగస్టు ప్రభువు ఆ పనిని మాన్పించెను. పండితుడు ఓడిపోయెనని అచ్చటివారు నవ్వియుందురు. కాని నీటిని గూర్చిన అదే పట్టుదల ఆయనకు నరకమును గూర్చియు ఉండెను.

గనులకు రాకముందే, 1672, 1673 సంవత్సరములలో పారిస్‌లో ఉన్నప్పుడు, ఆయన లాటినున ఒక సంభాషణము వ్రాసెను. దాని పేరు కన్ఫెస్సియో ఫిలోసోఫి. అందులోని వాదము సంగ్రహముగా ఇది. భ్రష్టుడైనవాడు దేవుని ద్వేషించును. సృష్టి అంతయు అతనికి తప్పుగానే తోచును. ఒకని మేలును చూచి ఇంకను మండిపడును, ఆ మంటయే అతని శిక్ష. ఎవడును ఇష్టము లేకుండ భ్రష్టుడు కాడు. ఇష్టము లేకుండ భ్రష్టుడుగా నిలిచియుండడు. శిక్ష ఒక్కనాడు విధింపబడి ముగిసినది కాదు, ప్రతిక్షణము అతడే తనకు దానిని విధించుకొనుచుండును. ద్వేషమును విడిచినయెడల నరకము ఉండదు, అయితే అతడు దానిని విడువడు.

తరువాత ఎర్నెస్ట్ సోనర్ అనువాని వాదమొకటి లైబ్నిట్స్ చేతికి వచ్చెను. మనిషి పాపములు పరిమితములు, అట్టివానికి అనంతమైన శిక్ష న్యాయము కాదని సోనర్ వాదించెను. తూకము తెలిసిన ఏ వర్తకుడైనను ఈ మాటను ఒప్పుకొనును. లైబ్నిట్స్ దీనిని ప్రచురింపదలచి ముందుమాట వ్రాసెను: ఒక్కొక్క పాపము పరిమితమే కావచ్చును, కాని మరణానంతరమును పాపము ఆగనియెడల శిక్ష ఎట్లు ఆగును? ఆ ముందుమాట ఆయన జీవితకాలమున అచ్చు కాలేదు. హార్ట్స్ కొండలకు ఉత్తరమున ఉన్న వోల్ఫెన్‌బ్యూటెల్ గ్రంథాలయమును చూచుచుండిన లెస్సింగ్ 1773లో దానిని వెలికితీసి, తన వ్యాఖ్యతో ప్రకటించెను. పాపమునకు దాని ఫలమే శిక్షయని, ఆ ఫలమునకు అంతము లేదని లెస్సింగ్ దానిని మరియొక మెట్టు ముందుకు తీసికొనిపోయెను. కర్మఫలమను మాట విన్న తెలుగువారికి ఇది మిక్కిలి దూరమైన ఆలోచన కాదు. ఒక్క భేదము పెద్దది. కర్మసిద్ధాంతమున నరకము అనుభవించి జీవుడు తిరిగి జన్మించును. క్రైస్తవమున మరుజన్మ లేదు. మన సంప్రదాయములలో మధ్వాచార్యులవారు మాత్రము కొందరు జీవులకు తిరిగిరాని అంధతమస్సును చెప్పిరి. ఆ విషయమును మరచి, నిత్యనరకము పరమతమునకే చెందినదని తేలికగా అనుటయు న్యాయము కాదు.

ఇచ్చట ఎడబాటు అను మాటను జాగ్రత్తగా పట్టుకొనవలెను. 1860కిని 1911కిని నడుమ నేటాలునకు ఓడలెక్కినవారికి ఎడబాటు అనగా ఏమియో తెలియును. తల్లి ఒక ఒడ్డున, బిడ్డ ఒక ఒడ్డున. చదువురాని వారికి ఉత్తరము లేదు, మరలిపోవుటకు పలువురికి సొమ్ము చాలలేదు. కాని ఆ ఎడబాటులో ప్రేమ ఉన్నది. సముద్రము విడదీసెనే కాని మనస్సు విడిపోలేదు. లైబ్నిట్స్ చెప్పిన ఎడబాటు దీనికి పూర్తిగా విరుద్ధము. అచ్చట సముద్రము లేదు. లూకా సువార్తలో తప్పిపోయిన కుమారుడు తిరిగి రాగా ఇంట విందు జరుగుచుండును; పెద్దకుమారుడు కోపగించి లోపలికి రానని వాకిట నిలుచును. తండ్రియే బయటికి వచ్చి బ్రతిమాలును. తలుపు మూయబడలేదు, దూరము నాలుగు అడుగులే. ఆ పెద్దకుమారుడు లోపలికి వెళ్లెనో లేదో కథలో చెప్పబడలేదు.

లైబ్నిట్స్ వాదమునకు ఆక్షేపణ లేకపోలేదు. సర్వశక్తుడైన దేవుడు ఆ మొండి మనస్సును మార్చరాదా? ఇన్ని లోకములలో ఉత్తమమైన లోకమునే దేవుడు ఎన్నుకొనెనని, అందులో ఇట్టి వారికిని చోటు తప్పలేదని 1710లో ప్రకటించిన థియోడిసీ గ్రంథమున ఆయన సమాధానము. ఈ సమాధానము తర్కమునకు నిలిచినను, బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి చెప్పదగినది కాదు. అందువలననే ప్రాచీనుడైన ఓరిజెను మొదలుకొని కొందరు క్రైస్తవులు, చివరకు అందరును దేవుని చేరుదురని ఆశించిరి. క్లాస్తాల్‌వారు అనుసరించిన లూథరను సంఘముల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాసపత్రము ఆ ఆశను నిరాకరించి, శిక్షకు అంతము లేదని నిశ్చయించెను. బాప్టిస్టులలో పలువురు నేటికిని అగ్నిని అగ్నిగానే నమ్ముదురు. వారి నమ్మకమును దాచి చెప్పుట సత్యము కాదు. కతోలిక సభ 1992లో ప్రకటించిన ధర్మోపదేశ గ్రంథము, నరకమున ప్రధానశిక్ష దేవునినుండి నిత్యమైన ఎడబాటేయని చెప్పి, అది మనిషి తన్ను తానే వెలివేసికొనుటయని వివరించినది. 1999 జూలైలో రెండవ జాన్ పాల్ పోపుగారు, నరకమును ఒక స్థలముగా కంటె ఒక స్థితిగా గ్రహింపవలెనని బోధించిరి.

ఇక అమ్మమ్మ సంగతి. బాప్తిస్మము లేక మరణించిన శిశువులు శిక్షింపబడుదురను పాతమాటను లైబ్నిట్స్ అంగీకరింపలేదు. క్రీస్తు పేరు ఎన్నడును వినని దూరదేశస్థులకు దేవుని అనుగ్రహము మనుష్యులెరుగని మార్గములలో చేరవచ్చుననుటకు థియోడిసీలో చోటు ఉంచెను. దేవునికి తెలిసిన త్రోవలన్నియు బోధకునికి తెలిసియుండవలెనను నియమము లేదు గదా! 1964లో వాటికన్ మహాసభయు, తమ తప్పు లేకయే సువార్తను ఎరుగనివారు మనస్సాక్షిని అనుసరించి దేవుని వెదకినచో రక్షణ పొందగలరని ప్రకటించినది. దేవుని ద్వేషించి వాకిట నిలిచినవానిని గూర్చి చెప్పిన మాటలను, జీవితమంతయు తులసికోట యొద్ద దీపము పెట్టిన ముసలిదానికి అంటగట్టుట ఆ మాటల అర్థము తెలియకపోవుటయే.

ఎందరినో పరిశుద్ధులుగా ప్రకటించిన కతోలిక సభ, ఫలానావారు నరకమున ఉన్నారని ఒక్కరి పేరునైనను ఇంతవరకు ప్రకటింపలేదు.