చెవి మిషన్‌కు సరిపోని హెడ్‌ఫోన్ వాపసు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు చెవి వెనుక పెట్టుకునే వినికిడి మిషన్ వాడతారు. ఫోన్‌లో పాటలు వినడానికి హెడ్‌ఫోన్ కావాలని, షాపులో ఆ మిషన్ చూపించి మరీ అడిగాం. "సరిగ్గా సరిపోతుంది" అని ఒకటి ఇచ్చారు. ఇంటికొచ్చి పెట్టుకుంటే మిషన్ కీచుమంటోంది, చెవి నొప్పి పుడుతోంది. వాపసు తీసుకోమంటే, బిల్లు మీద "అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు" అని ఉందంటున్నారు. మాకు హక్కు లేదా?

జవాబు: ఉంది. మిషన్ చూపించి అడిగారు కాబట్టే ఉంది.

1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ చూడండి. ఫలానా అవసరానికి కావాలని చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ అవసరానికి పనికిరావాలన్నది అమ్మకంలో ఇమిడి ఉన్న షరతు. అదే ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ అని పేరు పెట్టి అడిగి తెచ్చుకుని ఉంటే, అదే సెక్షన్‌లోని మినహాయింపు షాపువారికి అక్కరకొచ్చేది. అందుకే చెవి మిషన్ వాడేవారు మోడల్ పేరుతో కాకుండా అవసరం చెప్పి అడగాలని నేను గట్టిగా చెబుతాను.

"హెడ్‌ఫోన్ బాగానే పాడుతోంది, లోపమేముంది?" అని షాపువారు వాదిస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమంటే పాడైపోవడం ఒక్కటే కాదు. అమ్మేవాడు ఏ రూపంలోనైనా చెప్పిన ప్రమాణానికి వస్తువు తగ్గినా లోపమే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద అచ్చేసిన వాక్యం చట్టాన్ని మించదు.

చిక్కంతా రుజువు దగ్గరే. జరిగింది వివరిస్తూ షాపువారికి ఇవాళే వాట్సాప్‌లోనో ఉత్తరంగానో రాయండి. వారి జవాబు, బిల్లు, పెట్టె దాచండి. ఆన్‌లైన్‌లో కొనేవారు ప్రకటన పేజీని ఫొటో తీసి ఉంచుకోవాలి. అందులో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మకందారు వాపసు నిరాకరించకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి.

షాపువారు దిగిరాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు.

ఇంకొకటి కొనేటప్పుడు నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. సరుకు ఒప్పుకునే ముందు పరీక్షించి చూసే హక్కు అదే 1930 చట్టం 41వ సెక్షన్ ఇస్తోంది. మిషన్ ఆన్‌లో ఉంచి, మాట వినిపించే పాట ఒకటి పెట్టి, కాసేపు కూర్చోబెట్టండి. ఈ రకం మిషన్‌కు మైక్ చెవి పైభాగాన ఉంటుంది. హెడ్‌ఫోన్ కప్పు లోతుగా ఉండి, మైక్‌తో సహా చెవి మొత్తాన్ని నొక్కకుండా కప్పాలి. చెవి మీద ఆనే చిన్న కప్పులు మిషన్‌ను తలకు అదుముతాయి, మైక్‌కు పాట సరిగా అందదు. మిషన్ నుంచి వచ్చిన శబ్దం కప్పుకు తగిలి మళ్లీ మైక్‌లోకి వెళ్లడం వల్లే ఆ కీచు.

డబ్బు పెట్టే ముందు మిషన్ అమర్చిన ఆడియాలజిస్టును ఒక మాట అడగండి. మిషన్‌లోనే బ్లూటూత్ ఉంటే ఫోన్ శబ్దం నేరుగా దానిలోకే వస్తుంది, హెడ్‌ఫోన్ అవసరమే పడకపోవచ్చు.