దవడయెముకయు దేవుని స్వరూపమును

చదువుము: ఆదికాండము 1:24-31

కలకత్తాలోని భారత భూగర్భ పరిశోధన సంస్థలో పనిచేసిన గై పిల్‌గ్రిమ్ అను పండితుడు, శివాలిక్ శిలలలో దొరికిన వానరపు దంతములను పరిశీలించి 1910లో ఆ జంతువునకు శివపిథెకస్ అని పేరు పెట్టెను. 1915లో దానిని నరుని వంశమునకే చేర్చెను. దవడ ముక్కలును పండ్లును తప్ప ముఖమే దొరకలేదు సుమీ! పిమ్మట పాకిస్తానులో దొరికి 1982లో వర్ణింపబడిన ముఖము ఒరాంగుటానును పోలియుండెను.

ఇది విని పరిణామ సిద్ధాంతమే కూలెనని మనలో కొందరు సంతోషింతురు. అది న్యాయము కాదు. స్థానము మారినది ఆ జంతువునకే. చింపాంజీయే మనకు మిక్కిలి దగ్గరిదని పండితులు నేటికిని చెప్పుచున్నారు. కళాశాలకు పోవు మన బిడ్డలకు ఈ సంగతి దాచక చెప్పవలెను. పండితుల పొరపాట్లమీద వారి విశ్వాసమును కట్టినయెడల, మరియొక యెముక దొరకిన దినమున వారేమగుదురు? నరునియందలి దేవుని స్వరూపము దవడ కొలతవలన తేలునది కాదు. అడవిమృగములును నరుడును ఒకే దినమున సృజింపబడిరని చదువు మనము, పోలికలు చూచి భయపడనేల?