ఆకాశంలో ఒక హ్యాంగరు

మా ఇళ్లలో పెద్దలు సప్తర్షి మండలంలోని నాలుగు చుక్కలను మంచమనీ, తోకలోని మూడింటిని దాన్ని ఎత్తుకుపోవడానికొచ్చిన దొంగలనీ చెప్పేవారు. శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని 88 మండలాలుగా పంచుకున్నారు గానీ, చుక్కలు కలిపి బొమ్మ చూసుకునే హక్కు అందరిదీ.

బైనాక్యులర్ ఉంటే కంటికి అందని బొమ్మలూ దొరుకుతాయి. దాని మీద 10×50 అని ఉంటే పది రెట్లు పెద్దదిగా చూపుతుందనీ, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లనీ అర్థం. చీకట్లో కంటిపాప 7 మిల్లీమీటర్ల వరకే విచ్చుకుంటుంది. కాబట్టి ఆ అద్దం సుమారు యాభై రెట్లు ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది.

అక్టోబరులో వానలు తెరిపిచ్చాక, వెన్నెల లేని రోజు, రాత్రి ఏడున్నరకు డాబా ఎక్కండి. మోచేతులు కదలకుండా పిట్టగోడకు ఆనించండి, లేదా చాప మీద వెల్లకిలా పడుకోండి. నడినెత్తికి కాస్త పడమరగా శ్రవణం, వాయవ్యంలో అభిజిత్ మెరుస్తుంటాయి. శ్రవణం నుంచి అభిజిత్ వైపు మూడోవంతు దూరం జరపండి. వరసగా ఆరు చుక్కలు, మధ్యలో దక్షిణానికి వంగిన కొక్కెంలా నాలుగు. అచ్చం చొక్కా తగిలించే హ్యాంగరే! (మన ట్రంకుపెట్టెల్లో హ్యాంగర్లెక్కడివి లెండి.) మూడు నిండు చందమామలంత పొడవు కనుక పెద్ద టెలిస్కోపులో ఇది ఇమడదు.

పారశీక ఖగోళజ్ఞుడు అల్ సూఫీ 964లోనే దీన్ని రాసిపెట్టాడు. ఒకే కుటుంబపు చుక్కలని చాలాకాలం అనుకున్నారు. 1997లో వెలువడిన హిప్పార్కస్ ఉపగ్రహ కొలతలతో అవి వేర్వేరు దూరాల్లో ఉన్నాయనీ, మన చూపులోనే వరస కట్టాయనీ తేలింది.

పూర్వ విద్యార్థులం కొందరం కలిసి హాస్టల్‌కు ఒక బైనాక్యులర్ కొనివ్వాలనుకుంటున్నాం. అన్నలు, అక్కలు చేయి కలపండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దాన్ని సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పకండి, కళ్లు పోతాయి.