రాతిపై వ్రాత, రాగిరేకుపై వ్రాత

తెలుగు గ్రామములలో ఆలయ ప్రాంగణమునందో, చెరువుగట్టునందో అక్షరములు గల రాతిబండ పడియుండుట మీరు చూచియే యుందురు. చదువుటకు రాని ఆ లిపిని చూచి కొందరు నిధికి గుర్తందురు. మరికొందరు దానిపై బట్టలుతుకుదురు. అందు ఉండునవి చాలవరకు భూదానములు, పన్నులు, చెరువులు, ఎల్లలు. అనగా నేడు పంచాయతీ దస్త్రములలో ఉండు సంగతులే. వానిని చెక్కిన విధము తెలిసినచో కాపాడు విధమును సులభముగా బోధపడును.

మొదటి పని కొండనుండి బండను వేరుచేయుట. పనివారు రాతి పొరను గుర్తించి, వరుసగా గుంటలు తొలిచి, వానిలో ఎండిన కొయ్యచీలలు బిగగొట్టి నీరు పోసెడివారు. కొయ్య ఉబ్బగా రాయి ఆ వరుస వెంబడి చీలెడిది. ఇనుపచీలలతో చీల్చుటయు కలదు. ఆ గుంటల ఆనవాళ్లు పాత గుడిరాళ్ల అంచులలో నేటికిని కాననగును.

అన్ని రాళ్లు ఒకతీరున ఉలికి లొంగవు. అమరావతి శిల్పములకు వాడిన సున్నపురాయి కొంత మెత్తనిది. 1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభముల గుడిలోని నల్లరాయి అట్టిది కాదు. అట్టి రాతిపై ఉలిమొన త్వరలో మొద్దుబారును. మాటిమాటికి కొలిమిలో కాచి సాగగొట్టి పదును పెట్టవలెను. శిల్పిని పొగడువారు పక్కనున్న కమ్మరిని తలచుట అరుదు.

శాసనపాఠమును పండితుడు రచింపగా, లేఖకుడు సుద్దతోనో జేగురుతోనో రాతిపై వ్రాయును. చెక్కువాడు ఆ గీత వెంట ఉలి నడపును. అక్షరము జారిపోయినచో పంక్తి క్రింద ఇరికించుట తప్ప రాతిపై వేరు మార్గము స్వల్పము. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద అశోకుని లఘుశాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును సాగుట వింతగొలుపును.

రాగిరేకున సవరణకు వీలు కలదు. తప్పుపడిన చోటును సుత్తితో కొట్టి చదునుచేసి మరల చెక్కెడివారు. పాత అక్షరముల నీడ కొన్ని రేకులలో ఇప్పటికిని తెలియును. రేకులు ఒకదానితో నొకటి ఒరసి వ్రాత అరుగకుండుటకు అంచులను మందముగా ఎత్తెడివారు. వానిని కడియమున గ్రుచ్చి రాజముద్ర వేసెడివారు. తూర్పు చాళుక్యుల ముద్రపై వరాహము కనబడును.

ఇంత శ్రమ దేనికి? కడపజిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనమును చూడుడు. విజయనగర బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో దానిని వేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు పనిచేసిరని అందున్నది. చెరువునకు ఆరు దోషములు కూడ చెప్పబడినవి: గట్టునుండి నీరూరుట, చవిటినేల, రెండు రాజ్యముల ఎల్లయందుండుట, నడుమ మెట్ట, నీరు తక్కువై నేల ఎక్కువగుట, నీరెక్కువై నేల తక్కువగుట. చెరువు మరమ్మతు తలపెట్టు సభ్యులకు ఇది నేటికిని పనికివచ్చు పాఠము.

చెక్కిన అక్షరము నీడవలన చదువబడును. గాడి పూడినచో నీడ పోవును. ఒక గ్రామమున యువకులు భక్తితో శాసనమునకు ఎనామెల్ రంగు పూసిరి. వారి తలంపు మంచిదే, కాని రంగు దిగిన గాళ్లలో అక్షరములను పోల్చుకొనుటకు నాకొక పూట పట్టినది. రెండు పంక్తులు ఎంతకును తెలియలేదు. కనుక సున్నము, రంగు, తీగబ్రష్షు, ఆమ్లము శాసనమునకు తగులనీయరాదు. మసకబారిన అక్షరములపై మరల ఉలి పెట్టుట అన్నిటికంటె చెరుపు. త్రవ్వకమున రాగిరేకులు దొరికినచో చింతపండుతో తోమక, కడియము కోయక, ఉన్నవి ఉన్నట్లే తహశీల్దారుకును పురావస్తుశాఖకును తెలుపవలెను. శాసనలిపి నెరిగినవారు వచ్చి, తడికాగితమును రాతిపై కుంచెతో అద్ది, సిరా తట్టి నకలు తీయుదురు.

అంతవరకు ఆ రాయి యున్న స్థలము, సర్వే నంబరు పంచాయతీ పుస్తకమున వ్రాసికొనుడు. అక్షరములు చూడగోరినచో సాయంకాలపు ఏటవాలు వెలుతురులో గాని, చీకటిపడిన పిమ్మట టార్చిలైటును ప్రక్కనుండి పట్టిగాని చూడుడు.