ఫ్రాన్సు కాలువల్లో తెరచాప పడవ ప్రయాణం - తెలుసుకోవలసిన కొన్ని సంగతులు

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

మన సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని మా ఫిజిక్సు మాస్టారు అడిగినప్పుడు, "ఏం రాయను సార్, నేను చూసిందల్లా వరి చేలు, కాలువ గట్లు" అన్నాను. "అయితే ఆ కాలువ సంగతే రాయవయ్యా. గత వేసవిలో ఫ్రాన్సు వెళ్లి చూసొచ్చిందీ కాలువే గదా!" అన్నారు. అందుకే ఈ ప్రయత్నం. మన పూర్వ విద్యార్థులు అనేకమంది యూరపులో ఉద్యోగాలు చేస్తున్నారు. వారిలో ఒక్కరికి పనికొచ్చినా నా శ్రమ ఫలించినట్లే.

మాది గోదావరి డెల్టాలో ఒక పల్లెటూరు. ఊరి చివర లాకు ఉంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే నీరే మా చేలకు ఆధారం. ఆ కాలువలు చేలు తడపడానికే గాక పడవలు నడవడానికి కూడా తవ్వినవి. మా పెదనాన్న చిన్నప్పుడు రహదారి పడవెక్కి పెళ్లిళ్లకు వెళ్లిన మనిషి. నేను పుట్టేసరికి ఆ లాకు తలుపులు తుప్పుపట్టి, పిల్లలు ఈతకు దూకే దిమ్మలుగా మిగిలాయి.

పెదనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య, ఫ్రాన్సులో తులూజ్ నగరంలో ఇంజనీరు. ఆయన ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. దాన్ని అట్లాంటిక్ వైపున్న బోర్డో నుంచి మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న సేత్ రేవుకు చేర్చాలి. సముద్రం మీదుగా అయితే స్పెయిన్ దేశమంతా చుట్టి రావాలి. కాలువల మీదుగా అయితే ఫ్రాన్సు మధ్యనుంచే వెళ్లిపోవచ్చు. సాయానికి నన్నూ, సరదాకు పెదనాన్ననూ రమ్మని టిక్కెట్లు పంపాడు.

దారి ఏది?

ఫ్రాన్సులో ఓడలు, పడవలు నడిచే నదులు, కాలువలు కలిపి సుమారు 8,500 కి.మీ. ఉన్నాయి. వాటిలో 6,700 కి.మీ. "వి.ఎన్.ఎఫ్." అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. ఉత్తరాన ఇంగ్లీషు ఛానల్ నుంచి వచ్చేవారు సేన్ నదిలో పారిస్ చేరి, అక్కణ్ణుంచి మధ్య ఫ్రాన్సు కాలువల ద్వారా సోన్, రోన్ నదుల్లోకి దిగి దక్షిణ సముద్రం చేరతారు. ఆ కాలువల్లో ఒకటైన బుర్గుండీ కాలువ 242 కి.మీ. పొడవు, 189 లాకులు! లాకుల సంఖ్య చూడకుండా కిలోమీటర్లు మాత్రమే లెక్కవేసేవారు మోసపోతారు.

మేము వెళ్లిన దారి వేరు. బోర్డో నుంచి గారోన్ నదిలో సముద్రపు పోటుతో పాటు ఎగువకు పోవాలి. పోటు సమయం చూసుకోకుండా బయలుదేరితే ఇంజను ఎంత తిప్పినా ఒడ్డు కదలదు. కస్తెత్ అనే ఊరి దగ్గర గారోన్ పక్క కాలువలో ప్రవేశించి 193 కి.మీ., 53 లాకులు దాటితే తులూజ్. అక్కడ మొదలయ్యేది సుప్రసిద్ధమైన మిడి కాలువ - 240 కి.మీ., అరవై పైచిలుకు లాకులు. పియేర్ పోల్ రికె అనే ఆయన 1666లో తవ్వించడం ప్రారంభించాడు. 1681లో అది పూర్తయింది. పాపం, ఆయన 1680లోనే కన్నుమూశాడు. 1996లో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

ముందు పడవను కొలవండి

ఇది అతి ముఖ్యం. నాలుగు కొలతలు కాగితం మీద రాసుకోవాలి - పొడవు, వెడల్పు, నీటిలో దిగే లోతు, నీటి పైన ఎత్తు.

1879 నాటి ఫ్రెసినే చట్టం ప్రకారం కట్టిన లాకులు 39 మీటర్ల పొడవు, 5.20 మీటర్ల వెడల్పు. మామూలు తెరచాప పడవకు ఈ రెండూ చాలు. చిక్కల్లా లోతుతోనూ, ఎత్తుతోనూ. వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి గనుక తెరచాప కొయ్యను రేవులో క్రేనుతో దింపించి, పడవ మీద చెక్క ఆసరాల మధ్య పడుకోబెట్టి కట్టాలి. మిడి కాలువ వంతెనలు కమానులు. నడుమ ఎత్తుగా, పక్కల తక్కువగా ఉంటాయి. అందుచేత నట్టనడుమ నుంచే పోవాలి. కొయ్య చివరలు పడవను దాటి బయటికి పొడుచుకు వస్తే ఎర్రగుడ్డ కట్టండి. లాకు గోడకు తగిలేది ముందు అవే.

ఇక లోతు. ఇక్కడే నేను బోల్తాపడ్డాను. మిడి కాలువలో 1.40 మీ. మించి దిగే పడవతో పోవద్దని అనుభవజ్ఞులు చెబుతారు. మా పడవ కాగితాల ప్రకారం ఖాళీగా, సముద్రంలో 1.35 మీ. దిగుతుంది. ఉప్పునీటి సాంద్రత మంచినీటి కంటె రెండున్నర శాతం ఎక్కువ. కాబట్టి మంచినీటిలో పడవ మరికొంచెం దిగుతుంది. నేను 1.35ను 1.025తో హెచ్చవేసి, మూడున్నర సెంటీమీటర్లు అదనంగా దిగుతుందని అన్నయ్యకు రాశాను. మాస్టారు చూసి నవ్వి, "పడవేమన్నా ఇటుకా? అడుగున సన్నం, పైన వెడల్పు. నీటి మట్టం దగ్గర విస్తీర్ణం ఎంతో అడుగు" అన్నారు.

సరైన లెక్క ఇదీ: పడవ బరువు 6 టన్నులు. సముద్రంలో అది తొలగించే నీరు 5.85 ఘనపు మీటర్లు, మంచినీటిలో 6. తేడా సుమారు 0.15. నీటి మట్టం దగ్గర విస్తీర్ణం 14 చదరపు మీటర్లు. భాగిస్తే వచ్చేది ఒక్క సెంటీమీటరు!

హమ్మయ్య అనుకోవద్దు. అదే లెక్క ప్రకారం ప్రతి 140 కిలోల సామానుకూ పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది. మనుషులు, డీజిలు, నీళ్ల ట్యాంకు, రెండో లంగరు, గొలుసు, పుస్తకాలు, పచ్చళ్లు కలిపి 700 కిలోలు తేలింది. అంటే 5 సెంటీమీటర్లు. మొత్తం 1.41 మీ.! ఉప్పునీటికి భయపడిన నేను సామాను సంగతే మరచిపోయాను. గొలుసూ, రెండో లంగరూ, ఇంకా మూడు వందల కిలోల దాకా అన్నయ్య కారులో ముందే పంపేశాడు. బియ్యం బస్తా మాత్రం దించనివ్వలేదు పెదనాన్న.

కాగితాలు

పాస్‌పోర్టు, వీసా సరే. షెంగెన్ వీసా మీద వచ్చినవారికి 180 రోజుల్లో 90 రోజులే గడువు అని మరవద్దు. సొంత పడవ నడిపేవారి దగ్గర అంతర్జాతీయ యోగ్యతా పత్రం ఉండాలి. అందులో "సెవ్ని" అనే యూరపు జలమార్గ నిబంధనల పరీక్ష ప్యాసైనట్లు ఉండాలి. పడవ రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, వి.ఎన్.ఎఫ్. వారి రుసుము కట్టిన చీటీ కూడా వెంట ఉంచుకోవాలి. సొంత పడవ లేనివారు దిగులుపడనక్కరలేదు. అద్దె పడవలకు లైసెన్సు అవసరం లేదు, ఇచ్చేవారే గంటో రెండు గంటలో నేర్పి తాళం చేతికిస్తారు.

మన డెల్టాలో వేసవిలో "కాలువలు కట్టేశారు" అంటాం గదా, అక్కడా మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. అయితే ఎక్కువగా చలికాలంలో. ఆ తేదీలు ముందే ప్రకటిస్తారు. అవి చూడకుండా బయలుదేరితే దారి మధ్యలో నెలల తరబడి ఆగిపోవలసిందే.

లాకులో ఎలా మెలగాలి?

ఎర్రదీపం - ఆగు. ఎరుపు, పచ్చ కలిసి వెలిగితే - లాకు సిద్ధమవుతోంది. పచ్చ - లోపలికి రా. రెండు ఎర్రదీపాలు - లాకు పనిచేయడం లేదు. గారోన్ పక్క కాలువలో చాలాచోట్ల నీటి మీద ఒక కర్ర వేలాడుతూ ఉంటుంది. పోతూ పోతూ దాన్ని మెలితిప్పితే లాకు తనంతట తానే తయారవుతుంది. మధ్యాహ్నం భోజనానికి లాకులు మూస్తారు, చీకటి పడ్డాక పనిచేయవు. చిన్న కాలువల్లో గంటకు 6 నుంచి 8 కి.మీ. మించి పోరాదు. అల గట్టును కోసేస్తుంది. ఈ మాట రైతుబిడ్డలకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఎక్కే లాకులో నీరు ముందు తలుపు దగ్గర నుంచి ఉరుకుతుంది. పడవ వెనక్కి పోకుండా ముందు మోకు బిగువుగా పట్టాలి. మోకును ఒడ్డు మీది దిమ్మకు చుట్టి తిరిగి పడవలోకి తెచ్చుకుని, పడవ లేచిన కొద్దీ లాక్కోవాలి. మిడి కాలువ పాత లాకులు గుడ్డు ఆకారంలో ఉంటాయి, పడవ గోడకు ఆనదు గనుక మోకు ఇంకా జాగ్రత్త.

తులూజ్ దాటాక నోరూజ్ దగ్గర సముద్ర మట్టానికి సుమారు 190 మీటర్ల ఎత్తున కాలువ శిఖరం వస్తుంది. నల్లకొండల వాగుల నీటిని రికె అక్కడికి తెచ్చాడు. ఒకవైపు నీరు అట్లాంటిక్ దిశగా, రెండోవైపు మధ్యధరా దిశగా పారుతుంది. అప్పటిదాకా ఎక్కుతూ వచ్చాం, అక్కణ్ణుంచి దిగుడు. నా బుర్ర మాత్రం ఇంకా ఎక్కుడులోనే ఉంది.

దిగుడు లాకుల్లో ఒకదానిలో నేను మోకును పడవ మీది కొక్కేనికి, గేదెను గుంజకు కట్టినట్టు, మూడు ముళ్లు వేసి కట్టేశాను. కట్టేసి ఫోటో తీసుకుంటున్నాను. నీరు దిగింది, మోకు దిగలేదు. పడవ ఒక పక్కకు ఒరిగింది, లోపల గిన్నెలు దొర్లాయి. ముడి విప్పబోతే ఇనుప కడ్డీలా బిగుసుకుపోయింది. "ఒరేయ్, చేతులు తియ్యరా!" అని అరిచి పెదనాన్న కూరగాయల కత్తితో మోకు కోసేశాడు. తెగిన మోకు నా చెవి పక్కనుంచి కొరడాలా పోయింది. అరుపు విని లాకు చూసే ఆవిడ అప్పటికే నీటి తూములు మూసేసింది. ఆవిడ తెలుగు వినలేదు, పెదనాన్న ఫ్రెంచి వినలేదు, కానీ ఇద్దరికీ ఒకే సంగతి అర్థమైంది.

తరువాత లెక్కవేశాను. పడవ ఒక సెంటీమీటరు దిగడానికి 140 కిలోలైతే, నీరు ఒక సెంటీమీటరు తగ్గి పడవ తగ్గకపోతే మోకు మీద పడేదీ ఉజ్జాయింపుగా అంతే. పది సెంటీమీటర్లకు 1,400 కిలోలు! లాకు దిగేది రెండు మూడు మీటర్లు. కనుక మిత్రులారా:

1. దిగే లాకులో మోకు ఎప్పుడూ ముడివేయకండి. చేత్తో పట్టి వదులుతూ ఉండండి.
2. పదునైన కత్తి చేతికందేచోట ఉంచండి.
3. బిగిసిన మోకు దగ్గర వేళ్లు పెట్టకండి.
4. లాకు ఎగువ తలుపు కింద రాతి మెట్టు ఉంటుంది. దిగేటప్పుడు పడవ వెనక భాగం దానిమీద చిక్కుకోకుండా, గోడమీది గుర్తు దాటి ముందుకు నిలబెట్టండి.
5. పడవ పక్కలకు గాలిబుంగలు ఎక్కువగా కట్టండి. పాత టైర్లు వద్దు, ఊడిపడితే మునిగి తలుపులకు అడ్డం పడతాయి.
6. రోన్ నదిలో పోయేవారు లాకుల్లో లైఫ్ జాకెట్ విధిగా తొడుక్కోవాలి. అక్కడి బోలెన్ లాకు దిగుడు సుమారు 23 మీటర్లు!

ఇంజను చల్లబరచే నీరు కాలువ నుంచే వస్తుంది గనుక, దాని జల్లెడలో ఆకులు, నాచు చేరతాయి. మన ఆయిలింజను ఫుట్‌వాల్వు శుభ్రం చేసినట్టే రోజూ పొద్దున శుభ్రం చేయండి. రాత్రి గట్టున ఆగడానికి రెండు ఇనుప గూటాలు, ఒక సుత్తి ఉంచుకోండి. కానీ మిడి గట్టు మీది చెట్లకు మాత్రం మోకు కట్టకండి. 2006లో బయటపడిన తెగులు వల్ల అక్కడి ప్లేన్ చెట్లు వేల సంఖ్యలో కొట్టేయవలసి వచ్చింది.

నీటి లెక్క

ఒక ఫ్రెసినే లాకు రెండున్నర మీటర్లు దిగితే ఖర్చయ్యే నీరు 39 × 5.2 × 2.5, అంటే సుమారు 500 ఘనపు మీటర్లు. ఎకరం చేనికి రెండంగుళాల తడి పెట్టాలంటే 200 చాలు. ఒక్క పడవ ఒక్క లాకు దాటితే రెండున్నర ఎకరాల తడి! శిఖరం దాటే పడవ అటొకటి ఇటొకటి, రెండు లాకుల నీరు శిఖరం నుంచి తీసుకుంటుంది. 2022లో ఫ్రాన్సులో కరువు వచ్చినప్పుడు కొన్ని కాలువలు మూసేశారు, కొన్నిచోట్ల పడవలను గుంపుగా పంపారు. కాబట్టి వెనక మరో పడవ వస్తుంటే పది నిమిషాలు ఆగి ఇద్దరూ కలిసి దాటండి. ఒక్క లాకు నీటితో రెండు పడవలు పోతాయి.

ఇరవై రెండు రోజులకు బెజియే దగ్గర ఫోన్‌సెరాన్ మెట్ల లాకులు చేరాం. ఒకదాని కిందొకటి, మెట్లు దిగినట్టు 21 మీటర్లు దిగాలి. పెదనాన్న మోకు చేతపట్టి ముడివేయకుండా మెల్లగా వదులుతూ, "మూడు వందల యాభై ఏళ్ల లాకులురా ఇవి. మనవి ఇందులో సగం వయసన్నా లేవు" అన్నాడు. నేను మాట్లాడలేదు.

ఊరొచ్చాక మేమిద్దరం మా లాకు దగ్గరకు వెళ్లాం. టేపు పట్టి పొడవు, వెడల్పు, దిగుడు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. పడవలు మళ్లీ నడుస్తాయని కాదు. చివరి భూములకు నీరందని ఏడాది, ఆ తలుపులు బాగుచేస్తే ఎంత నీరు నిలుస్తుందో లెక్క కట్టాలని. ఆ లెక్క ఇంకా పూర్తికాలేదు. మాస్టారు ఒకసారి చూసి సరే అన్నాక, వచ్చే సంవత్సరం సంచికలో రాస్తాను.