ఫోర్క్ మార్చే ముందు, అల్లుడా

లాల్ దర్వాజ, హైదరాబాద్

చిరంజీవి సాయికి,

నువ్వు పంపిన ఫొటో చూసిన. డ్యూక్ బండి ఫోర్క్ మంచి సామానే, కాదనను. డబ్ల్యూపీ తయారీ, 43 మిల్లీమీటర్ల పైపులు, తలకిందుల రకం. దాన్ని మీ నాయిన 1994 బుల్లెట్‌కు ఎక్కిస్తనని, డిస్క్ బ్రేకు కూడ దానితోనే వస్తదని, కబాడీ ఆయన చక్రంతో సహా సెట్టు ఇస్తనన్నడని రాసినవు. అడ్వాన్స్ ఇచ్చేముందు నన్ను ఒక మాట అడిగినవు, సంతోషం. డిపోలో ఏండ్ల తరబడి బస్సుల కింద పనిచేసినోన్ని. బండి ముందుభాగం అంటే నాకు భయం, భక్తి రెండూ ఉన్నయి. వెనక షాకబ్జర్ పాడైతే నడుం నొస్తది. ముందు ఫోర్క్‌ల తేడా వస్తే హ్యాండిల్, బ్రేకు రెండూ చేతుల నుంచి జారిపోతయి. అందుకే కొంచెం ఎక్కువే రాస్తున్న, ఓపికగా చదువు.

నీ ఫిర్యాదులు మూడు. ముందుబ్రేకు పట్టంగనే బండి తల కిందికి గుంజుతది. గుంతల పడితే ఠక్కుమంటది. ఎడమ పైపు నుంచి ఆయిల్ కారుతది. ఈ మూడింటిల ఒక్కటి కూడ ఫోర్క్ మార్చాలని చెప్పే సాక్ష్యం కాదు. ఏండ్లుగా దాన్ని ఎవ్వరూ విప్పలేదని చెప్పే సాక్ష్యం.

ఫోర్క్‌ల జరిగే పని రెండు ముక్కలల్ల చెప్పొచ్చు. స్ప్రింగ్ బరువు మోస్తది, ఆయిల్ ఆ స్ప్రింగ్ ఎగురుడును అదుపు చేస్తది. 1935ల బీఎండబ్ల్యూ వాళ్ళు ఆర్12 బండికి ఆయిల్‌తోని పనిచేసే టెలిస్కోపిక్ ఫోర్క్ పెట్టి అమ్మినప్పటి నుంచి ఇయ్యాల్టిదాక ఈ సంగతి మారలేదు. సీలు చినిగి ఆయిల్ తగ్గితే స్ప్రింగ్‌ను పట్టేది ఉండదు, బండి ఊగుతది, బ్రేకు పడితే ముక్కు నేలకు వంగుతది. నువ్వు ఇప్పుడు నడుపుతున్నది సగం ఆయిల్ లేని ఫోర్క్. దాని మీద తీర్పు చెప్పే టైం ఇంకా రాలేదు.

ముందుగాల పరీక్ష చెయ్యి. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఇంజన్ కింద చెక్క దోపి, ముందు చక్రం లేపు. ఫోర్క్ రెండు కాళ్ళ కింది కొనలు పట్టుకొని ముందుకు వెనక్కు ఊపు. మెడకాడ ఆడితే కోన్‌సెట్, అంటే మెడల ఉండే గోళీల బేరింగు, లూజు. పైపు కింది కాలుల దిగేకాడ ఆడితే లోపలి బుష్షులు అరిగినయి. తర్వాత హ్యాండిల్‌ను మెల్లగ ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు తిప్పు. నడుమల ఒక్కకాడ ఎవరో పట్టుకున్నట్టు ఆగితే గోళీలు కప్పులల్ల గుంతలు చేసుకున్నయని అర్థం. దాన్ని బిగిస్తే పోదు, మార్చాలె. నీ ఠక్కుమనే చప్పుడు కోన్‌సెట్, బుష్షులు ఈ రెండింట్ల ఒకదాని నుంచే వస్తుందని నా అనుమానం.

ఆయిల్ కారే కాలు సంగతి వేరే. డస్ట్ కవర్ పైకి జరిపి, పైపు తుడిచి, గోరుతోని పైనుంచి కిందికి గీరుకుంట రా. ఎక్కడన్న గోరు తట్టుకుంటే అక్కడ క్రోమ్ లేచి తుప్పు పట్టింది. ఆ పైపు మీద ఎంత కొత్త సీలు వేసినా నెల తిరగకముందే మళ్ళ కారుతది, తప్పు సీలు మీదికి పోతది. అట్లాంటి పైపుకు హార్డ్ క్రోమ్ ఎక్కించి గ్రైండింగ్ చేయించాలె, లేకుంటే కొత్తది కొనాలె. పైపు విప్పినప్పుడు సమంగున్న అద్దం మీద దొర్లించు. కింద వెలుతురు మారుకుంట కనిపిస్తే వంగిందన్నట్టు. ప్రెస్సు మీద సరిచేస్తమంటరు కొందరు. నేనైతే సరిచేసిన పైపు మీద నా పిల్లలను కూసోబెట్టను.

స్ప్రింగ్ పొడుగు కొలిచి సర్వీస్ పుస్తకంల ఉన్న లెక్కతోని పోల్చు. తగ్గితే రెండూ ఒక్కసారే మార్చు. మన గల్లీలల్ల ఒక అలవాటున్నది, స్ప్రింగ్ పైన బుష్ ముక్క పెట్టి గట్టి చేస్తరు. దానితోని బండి ముందు కొంచెం లేస్తది గని స్ప్రింగ్ బలం మాత్రం పెరగదు. బలం కావాల్నంటే స్ప్రింగే మారాలె. ఆయిల్‌ను అందాజతోని పొయ్యనియ్యకు. కంపెనీ చెప్పిన గ్రేడు, చెప్పినంత, రెండు కాళ్ళల్ల సమానంగ, గుర్తులున్న గ్లాసుల కొలిచి పోయించు. చిక్కటి ఆయిల్ పోస్తే ఊగుడు తగ్గుతది, కాని వరుసగ వచ్చే చిన్న గుంతల మీద ఫోర్క్ మళ్ళ లేచే టైం దొరకక గట్టిబడుతది. ఎక్కువ పోస్తే లోపల గాలికి జాగ తగ్గి, సీళ్ళ మీద ఒత్తిడి పెరుగుతది.

బిగించినంక ఒక కొలత తియ్యి. ప్లాస్టిక్ ట్యాగు ఒకటి పైపుకు కట్టి, మనిషి కూసున్నప్పుడు ఫోర్క్ ఎంత దిగిందో చూడు. మొత్తం ప్రయాణంల నాలుగో వంతు నుంచి మూడో వంతుదాక దిగితే మంచిగున్నట్టు. 130 మిల్లీమీటర్ల ప్రయాణముంటే 32 నుంచి 43 అన్నట్టు. చివరిగ యాక్సిల్ మూతలు బిగించేముందు చక్రాన్ని నేలకు ఆనిచ్చి హ్యాండిల్‌ను నాలుగైదు సార్లు అదుము. రెండు కాళ్ళు వాటి దారిల కుదురుకున్నంకనే బోల్టులు బిగించాలె. తొందరల ఈ పని మరిచిపోయే వాళ్ళే ఎక్కువ, తర్వాత ఫోర్క్ గట్టిగున్నదని తిరుగుతరు.

ఇగ నీ డ్యూక్ ఫోర్క్ సంగతి. పాత బుల్లెట్‌కు ఫోర్క్ పైపులను పైన పట్టుకునే వేరే టి లేదు. హెడ్‌లైటు, ఆంపియర్ మీటరు, రెండు చిన్న లైట్లు కూసునే ఆ పోత డబ్బానే పై టి. ఫోర్క్ పైపుల పై కొనలు అందులనే బిగుస్తయి. కొత్త ఫోర్క్ పెట్టాలంటే ఆ ముఖం మొత్తం తీసి పక్కన పెట్టాలె. మీ నాయిన రోజూ తుడిచే ముఖం అది. అది మనసు మాట, పక్కన పెడదం. కొలతల మాట విను. నీ బండికి ముందు 19 ఇంచుల చక్రం, డ్యూక్‌కు 17. ఫోర్క్ పొడుగు వేరు, టి నుంచి పైపులు ముందుకు జరిగిన దూరం వేరు. ముందు కిందికి దిగితే మెడ నిటారైతది, టైరు నేలను తాకే చోటుకు, హ్యాండిల్ తిరిగే గీత నేలను తాకే చోటుకు మధ్య దూరం తగ్గుతది. ఆ దూరమే బండిని సక్కగ నడిపించేది. అది తగ్గితే వేగంల హ్యాండిల్ వణుకుతది. మెడల దూరే కడ్డీ కూడ వేరే కొలత, దాన్ని కోసి వెల్డింగ్ చేస్తమంటరు. అల్లుడా, టి కడ్డీకి వెల్డింగ్ ఎవ్వరు చేస్తనన్నా చెయ్యనియ్యకు. అక్కడ విరిగితే పట్టుకునేటందుకు ఏం మిగలదు. డిస్క్ బ్రేకు గట్టిగ పట్టినప్పుడు ఆ బలం మొత్తం ముప్పై ఏండ్ల పాత చాసిస్ మెడ మీద పడుతదని కూడ మరవకు.

ఇంకొకటి ఆలోచించు. నువ్వు తిరిగేది ఎక్కడ? శాలిబండ నుంచి మొఘల్‌పురా గల్లీలల్ల, మదీనా, నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్. ఇరవై ముప్పై వేగం దాటదు. స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు, తవ్వి పూడ్చిన రోడ్డు, వెనక మీ అమ్మ. ఈ దారికి మెల్లని వేగంల మెత్తగ దిగే ఫోర్క్ కావాలె. డ్యూక్ ఫోర్క్‌ను ఆ బండి బరువుకు, ఆ బండి వేగానికి కుదిర్చిన్రు.

కాయిదాల సంగతి కూడ ఉన్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన దానికి భిన్నంగ బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడ అదే చెప్పింది. అదే ఏడు సవరించిన చట్టంల ఒక్కో మార్పుకు 5000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలలదాక జైలు, లేదా రెండూ పెట్టిన్రు. మీ నాయిన 2024ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించిండు, ఐదేండ్లకే కదా, 2029ల మళ్ళ బండ్లగూడ ఆర్టీఏ ఆఫీసుల బండిని నిలబెట్టాలె. ఏదన్న జరగరానిది జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందుగాల చూసేది కూడ ఇదే.

ఫోర్క్ బాగు చేసినంక కూడ బ్రేకు చాలలేదనిపిస్తే ముందుగాల డ్రమ్ముల గుండ్రం సరిచేయించి, కొత్త లైనర్లు, కొత్త కేబుల్ వెయ్యి. పాత బుల్లెట్ డ్రమ్ము సరిగ్గ సెట్ అయితే మన గల్లీలకు సరిపోతది. అటెన్క కూడ డిస్కే కావాలంటే బుల్లెట్ వంశపు ముందుభాగం కోసమే చూడు, ఆర్టీఏ ఆఫీసుల అడిగి, అనుమతి వస్తేనే పెట్టు. రాకుంటే వద్దు.

బండి విప్పినంక సామాను పుత్లీబౌలిల కొను. సీళ్ళు, బుష్షులు, కోన్‌సెట్ కంపెనీవే తీసుకో, పాత పైపు చేతుల పట్టుకొని పో, కాలిపర్ పెట్టి లావు చూపించి అడుగు. ఆదివారం పొద్దుగాల బండి తీసుకొని ఇంటికి రా, ఇద్దరం కలిసి విప్పుదం. కబాడీ ఆయనకు అప్పటిదాక ఒక్క రూపాయి ఇయ్యకు.

మీ అమ్మను అడిగిన అని చెప్పు.

మామ